అడవి కాలినంక కూలి ఎందుకు? కాలకముందే పని ఇయ్యాలె

(అడవి అంచు గ్రామాల ఉపాధి కూలీలు, యువకుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మన దగ్గర అడవి కాలుడంటే ఎండకాలం ముచ్చట. ఆకు రాలుతది, గుట్ట మీద పొగ లేస్తది, పేపర్ల ఫోటో వస్తది, ఫారెస్టోళ్ళు ఊర్లెకు వచ్చి నిప్పు ఎవరు పెట్టిన్రని అడుగుతరు. తొలకరి పడంగనె అందరం మరిచిపోతం. మళ్ళా యాడాదికి అదే గుట్ట, అదే పొగ, అదే ప్రశ్న.

ఇయ్యాల నేను చెప్పదలుచుకున్న మాట ఒక్కటే. అగ్గి ఆర్పేది మూడు నెలల పని. అగ్గి రాకుండ చూసేది పన్నెండు నెలల పని. మనకు మూడు నెలల కూలి ఇచ్చి పన్నెండు నెలల నింద మోపుతున్నరు. ఈ లెక్క మారాలె. అడవిని, నేలను బాగుచేసే పనిని సర్కారు తన బాధ్యతగ తీసుకోవాలె, ఆ పనిని అడవి పక్క ఊర్లకు హక్కుగ ఇయ్యాలె. ఇది దయాధర్మం అడుగుడు కాదు. ఎందుకంటున్నమో వివరంగ చెప్త.

మన అగ్గి ఎసొంటిది?

ముందుగాల మన అగ్గిని మనం తెలుసుకోవాలె. టీవీల కాలిఫోర్నియా మంటలు చూసి అదే మన దగ్గర కూడ అనుకుంటం. మనది ఆకు రాలే అడవి. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, మోదుగ. ఇక్కడ మంట ఎక్కువగ కొమ్మలకు ఎక్కదు, నేల మీద పాకుతది. మోకాలెత్తు గడ్డిని, రాలిన ఆకును తింటది. పెద్ద చెట్టు నల్లబడి బతుకుతది. చచ్చేది చిన్న మొలక. ఏటా మొలక చస్తుంటే ముప్పై ఏండ్లకు ముసలి చెట్లు మిగులుతయి, పిల్ల చెట్లు ఉండయి. పిల్లలు లేని ఊరు ఎట్లుంటదో ఆ అడవి అట్లుంటది.

ఇంకో నష్టం కంటికి కనవడది. ఆకు కప్పు పోయిన నేల మీద మొదటి వాన పడితే మట్టి కొట్టుకపోతది. ఆ మట్టి ఎటు పోతది? ఒర్రెల నుంచి వాగుకు, వాగుల నుంచి చెరువుకు. గుట్ట కాలితే చెరువు పూడుతది. అందుకే ఇది అడవిల ఉండేటోళ్ళ గోస ఒక్కటే కాదు, కింద ఆయకట్టు రైతు గోస కూడ.

నేల మీద పాకే మంటకు ఒక గుణం ఉన్నది. దాని తొవ్వల ఆకు లేకపోతే అది ఆగిపోతది. గడ్డి కోసి, ఆకు ఊడ్చి ఒక బాట తీస్తే, గాలి మరీ కొట్టకపోతే, ఆ బాట కాడ మంట చస్తది. దాన్నే ఫైర్ లైన్ అంటున్నరు. దానికి హెలికాప్టర్ అక్కరలేదు. చీపురు, కొడవలి, మనిషి కావాలె. పని చేయించే యంత్రాంగం కావాలె.

ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్క ప్రకారం దేశంల మూడో వంతుకు మించిన అడవికి తరచుగ అగ్గి భయం ఉన్నది. 2023 నవంబరు నుంచి 2024 జూన్ దాక ఉపగ్రహాలు దేశమంతట 2 లక్షలకు పైగ అగ్గి గుర్తులను పట్టినయి. అన్నిటికంటె ఎక్కువ ఉత్తరాఖండ్ల. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కూడ ఎక్కువ గుర్తులు పడ్డ రాష్ట్రాల్లనే ఉన్నయి. ఉపగ్రహం మంటను చూస్తది, ఫోన్లకు మెసేజ్ పంపుతది. ఆర్పేటోడు మాత్రం ఇప్పటికీ పచ్చి కొమ్మ చేతిల పట్టుకొని ఉరికే మనిషే. 2024 జూన్ 13 నాడు ఉత్తరాఖండ్ బిన్సర్ అభయారణ్యంల మంట ఆర్పబోయి నలుగురు అటవీ సిబ్బంది అక్కడికక్కడ కాలిపోయిన్రు. అండ్ల ఫైర్ వాచర్ ఉన్నడు, దినకూలీ ఉన్నడు. ప్రాణం పోయేకాడ ముందు నిలవడేది తక్కువ కూలోడే.

అమెరికా చేసిన పని

అడవి పని ఇచ్చి బతుకు నిలబెట్టుడు కొత్త ముచ్చట కాదు. 1933ల అమెరికాల నలుగురిల ఒకరికి పని లేదు. అదే యాడాది మార్చి 4న రూజ్‌వెల్ట్ అధ్యక్షుడయ్యిండు. మార్చి 31 నాటికి చట్టం మీద సంతకం పెట్టిండు. దాని పేరు సివిలియన్ కన్జర్వేషన్ కోర్. ఏప్రిల్ల మొదటి క్యాంపు పడ్డది. జులై నాటికి రెండున్నర లక్షల మంది పోరగాండ్లు అడవుల్ల, గుట్టల్ల పనికి దిగిన్రు. మనసుంటే సర్కారు ఎంత తొందరగ పని ఇయ్యగలదో దీన్ని చూసి చెప్పొచ్చు.

నెలకు 30 డాలర్ల జీతం. అండ్ల 25 డాలర్లు సక్కగ ఇంటికి పోయేటియి. 1942ల బందు చేసేదాక దాదాపు 30 లక్షల మంది పనిచేసిన్రు. 300 కోట్ల చెట్లు నాటిన్రు. మూడు వేలకు పైగ మంట కనిపెట్టే మంచెలు కట్టిన్రు. కాలిఫోర్నియాల సియర్రా కొండల అడుగున వందల మైళ్ళ పొడుగు అగ్గి బాట తీసిన్రు. దుమ్ము లేచిపోతున్న నేలల్ల గట్లు పోసిన్రు.

మంచి చెప్పినం, చెడు కూడ చెప్పుకోవాలె. చెప్పుకోకపోతే ఆ తప్పులే మన నెత్తిమీదికి వస్తయి.

ఒకటి, ఆ దళంల ఆడోళ్ళకు చోటు లేదు. రెండు, నల్లజాతి పిల్లలు రెండు లక్షల మంది పనిచేసిన్రు గని వాళ్ళకు వేరే క్యాంపులు పెట్టిన్రు. ఆకలి ఒక్కటే అయినా పంక్తి వేరు చేసిన్రు. మూడోది ఇంకా పెద్దది. 1935ల అక్కడి ఫారెస్ట్ సర్వీస్ ఒక హుకుం జారీ చేసింది. యాడ మంట కనవడ్డా మరునాడు పొద్దున పది గంటల్లోపు ఆర్పాలె. చేతుల లక్షల మంది పోరగాండ్లు ఉన్నరు కాబట్టి ఆ హుకుం నడిచింది. అయితే అక్కడి ఆదివాసులు తరతరాలుగ చల్లటి కాలంల చిన్న చిన్న మంటలు పెట్టి అడవిని సాఫ్ చేసుకునేది. దాన్ని నేరం చేసిన్రు. ఎండిన కట్టె, కంప పేరుకుంట పోయింది. ఎనభై తొంభై ఏండ్లకు అప్పు వడ్డీతో సహ వసూలయితున్నది. పేరుకున్న కట్టెకు కరువు, వేడెక్కిన వాతావరణం తోడయి మంటలు ఆగుత లెవ్వు. ఇప్పుడు కాలిఫోర్నియా మళ్ళా ఆదివాసులను పిలిచి మీ పద్ధతి నేర్పుండ్రి అంటున్నది. 2025 జనవరిల లాస్ ఏంజెలెస్ చుట్టు 16 వేలకు పైగ ఇండ్లు, కట్టడాలు కాలినప్పుడు మంటల ముందు నిలవడ్డోళ్ళల్ల వెయ్యికి పైగ జైలు ఖైదీలు ఉన్నరు.

ఆ అమెరికాలనే మనం తీసుకోదగ్గ పద్ధతి ఒకటి ఉన్నది. ఆ దళంల ఆదివాసుల కోసం వేరే విభాగం పెట్టిన్రు. 80 వేల మందికి పైగ అండ్ల పనిచేసిన్రు. వాళ్ళకు వయసు పట్టింపు లేదు, పెండ్లయినోళ్ళు కూడ చేరొచ్చు. చాలమంది తమ ఇంట్లనే ఉండి, తమ నేల మీదనే పనిచేసిన్రు. యాదికి తెచ్చుకోండ్రి, అదే కాలంల మన ఆదిలాబాద్ల ఏం జరుగుతున్నది? నిజాం సర్కారు అడవిని రిజర్వు చేసి గోండులను, కోలాములను సాగు భూముల నుంచి ఎల్లగొడుతున్నది. 1940ల జోడేఘాట్ గుట్టల్ల కొమురం భీం తూటాలకు బలయ్యిండు. మన దగ్గర అడవి పేరు మీద సర్కారుకు, ఆదివాసికి మధ్య మొదలైన లెక్క అది. ఇప్పటికీ తేలలేదు.

దక్షిణాఫ్రికా నేర్పిన పాఠం

రెండో దేశం దక్షిణాఫ్రికా. 1994ల తెల్లోళ్ళ పాలన పోయింది. 1995ల మండేలా ప్రభుత్వంల నీటి మంత్రి కాదర్ అస్మల్ ఒక పథకం మొదలువెట్టిండు. వర్కింగ్ ఫర్ వాటర్ అని పేరు. బయటి దేశాల నుంచి వచ్చిన తుమ్మజాతి చెట్లు, పైన్, నీలగిరి అక్కడి గుట్టల్ల పాకి నీళ్ళు గుంజుతున్నయి, ఎండితే పెద్ద మంటలకు ఎరువయితున్నయి. వాటిని నరికే పనిని పేదలకు ఇచ్చిన్రు. కూలీలల్ల ఎక్కువమంది ఆడోళ్ళు ఉండాలన్నది లక్ష్యంగ పెట్టుకున్నరు. అమెరికా ఇడిసిపెట్టిన చోట వీళ్ళు అందుకున్నరు. 2003ల వర్కింగ్ ఆన్ ఫైర్ మొదలయింది. పని లేని యువతీ యువకులను తీసుకొని, శిక్షణ ఇచ్చి, మంటల కాలం కాని రోజుల్ల బాటలు తీసుడు, కంప కొట్టుడు పని పెట్టిన్రు.

ఇక్కడ కూడ ఒక కథ ఉన్నది, ఇనాలె. 2016ల కెనడాల ఫోర్ట్ మెక్‌ముర్రే కాలుతుంటే దక్షిణాఫ్రికా నుంచి దాదాపు 300 మంది అగ్గిదళం పోయిన్రు. విమానం దిగి పాట అందుకొని ఆడిన్రు. లోకమంత ఆ వీడియో చూసి చప్పట్లు కొట్టింది. కొన్ని దినాలకే వాళ్ళు పని బందు పెట్టిన్రు. ఎందుకంటే వాళ్ళ చేతికి వచ్చేది దినానికి 15 డాలర్లు. పక్కన అదే మంట ఆర్పే కెనడా మనిషికి గంట కూలే అంతకంటె ఎక్కువ. పాటకు చప్పట్లు కొట్టినోళ్ళు కూలి అడిగినప్పుడు ఇంటికి పంపిన్రు. పాట పాడేటోళ్ళం మనం కూడ. చప్పట్లతో కడుపు నిండదని మనకంటె ఎక్కువ తెలిసినోళ్ళు ఎవరు?

మన అడవిల పన్నెండు నెలల పని

ఇగ మన ముచ్చటకు వద్దాం. అడవి ఎందుకు కాలుతది? ఇది మన ఇంటి మాట కాబట్టి ఉన్నదున్నట్టు మాట్లాడుకుందాం. ఇప్పపువ్వు ఏరేటందుకు చెట్టు కింద ఆకు కాలవెడతరు. తునికి చిగురు మంచిగ రావాలని పొద కాలవెడతరు. తొవ్వొంట పోయేటోడు బీడీ ముక్క పారేస్తడు. గొర్ల కాపరి కొత్త గడ్డి కోసం అంటువెడతడు. అందరి మీద నింద మోపితే పని అయితదా? ఒక్కొక్క కారణానికి ఒక్కొక్క పని ఉన్నది.

తునికి సంగతి తీసుకోండ్రి. ఎండకాలం ముంగట పొదను కింద నుంచి కొట్టి కత్తిరిస్తే చిగురు మంచిగ వస్తది. దాన్ని ప్రూనింగ్ అంటున్నరు, దానికి కూలి ఉన్నది. టైముకు ప్రూనింగ్ చేపిస్తే పొదకు నిప్పు పెట్టే అవసరమే లేదు. పైసలు రాలేదని, టెండరు తేలలేదని ఆలస్యం చేస్తే ఆ పనిని అగ్గిపుల్ల చేస్తది. తప్పు అగ్గిపుల్లదా, ఆలస్యందా? ఇప్పచెట్టు కూడ అంతే. చెట్టు కింద ఊడ్చి వల కడితే పువ్వు మట్టి అంటకుండ చేతికొస్తది. వల ధర ఎంత? ఒక గుట్ట కాలితే పోయే నష్టం ఎంత?

ఇప్పుడు నెలలు లెక్కవెడదాం. వానకాలం మొలకలు నాటుడు, ఇత్తనాలు చల్లుడు, కందకాల పూడిక తీసుడు. వానలు ఎనుకవట్టినంక లాంటానా కంప ఏర్లతోటి పీకుడు, ఎందుకంటే మంటను పైకి ఎక్కించే నిచ్చెన అదే. కార్తీకం నుంచి సంక్రాంతి దాక ఫైర్ లైన్లు. ఆ తరువాత తునికి ప్రూనింగ్, ఫైర్ లైన్ల మీద రాలిన ఆకును మళ్ళా మళ్ళా ఊడ్చుడు. మాఘం నుంచి మృగశిర దాక కావలి. ఇన్ని పనులుంటె ఫైర్ వాచర్‌ను ఎండకాలం పెట్టుకొని వానకాలం తీసేసుడు ఏం న్యాయం? నల్లమల చెంచులు వాచర్లుగ, పులుల జాడ తీసేటోళ్ళుగ పనిచేస్తున్నరు. ఆ అడవిని వాళ్ళకంటె ఎరిగినోళ్ళు లేరు. తెలివికి జీతం ఇయ్యకుండ కాళ్ళకు మాత్రం కూలి ఇస్తే ఎట్ల?

పైసలు యాడియి?

పైసలు లెవ్వు అంటరు. ఉన్నయి. 2016ల పార్లమెంటు కంపా చట్టం చేసింది. గనుల కోసం, ప్రాజెక్టుల కోసం అడవి కొట్టినప్పుడు దానికి బదులు కట్టిన పైసలు అవి. 2019 ఆగస్టుల కేంద్రం రాష్ట్రాలకు 47 వేల కోట్లకు పైగ బదిలీ చేస్తే తెలంగాణ వంతు 3,110 కోట్లు. పోయిన అడవి మనది, అడవితోని పోయిన బతుకు మనది. ఆ పైసలు ఏ ఊర్లె ఎంత ఖర్చయినయి, అండ్ల కూలి ఎంత, కంచె ఎంత, యంత్రం ఎంత అని గ్రామ పంచాయతి గోడ మీద రాయాలె.

రెండోది ఉపాధి పని. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిల మొదలైన వంద రోజుల పనిని మనం కరువు పని అన్నం. కందకాలు, ఊట గుంటలు మన చేతుల పనే. 2025 డిసెంబర్ల పార్లమెంటు ఆ చట్టం స్థానంల కొత్త చట్టం చేసింది. 125 రోజులు అన్నరు. సంతోషం. అయితే ముందు కూలి పైసలు మొత్తం కేంద్రం ఇచ్చేది, కొత్త చట్టంల నూటికి నలభై రాష్ట్రం మీద పెట్టిన్రు. నాట్లు, కోతల కాలంల అరవై రోజుల దాక పని ఆపొచ్చన్నరు. కోతల కాలం, ఫైర్ లైన్ తీసే కాలం ఒక్కటే అని గుర్తువెట్టుకోండ్రి. పొలాలు లేని అడవి ఊర్లెకు ఆ నిలుపుడు వర్తించొద్దని ఇప్పుడే అడగాలె.

కొలత సంగతి కూడ అడగాలె. గుంత తవ్వితే క్యూబిక్ మీటర్లల్ల కొలుస్తరు. ఊడ్చిన ఆకును దేంతోటి కొలుస్తరు? కాలకుండ మిగిలిన అడవిని ఏ టేపుతోటి కొలుస్తరు? ఈ పనికి దినకూలి లెక్కనే ఉండాలె. 2023 నుంచి హాజరుకు దినానికి రెండుసార్ల ఫోటో తీసే యాప్‌ను తప్పనిసరి చేసిన్రు. సిగ్నల్ లేని గుట్ట మీద పనిచేసిన మనిషి హాజరు ఎట్ల పడాలె? చెమట నేల మీద పడితే చాలదు, సర్వర్ల కూడ పడాలెనా?

జాగ్రత్త పడవలసిన కాడ

ఒక హెచ్చరిక చేసి ముగిస్త. అడవి పని మనమీదికే కత్తి కావొద్దు. ఉమ్మడి రాష్ట్రంల వన సంరక్షణ సమితులు చూసినం. 1994ల ప్రపంచబ్యాంకు అప్పు వచ్చింది, గట్లు కట్టినం, కందకాలు తీసినం. చాలచోట్ల పోడు భూములు సమితుల కిందికి పోయినయి. ప్రాజెక్టు పైసలు అయిపోంగనె ఎన్నో సమితులు బోర్డులకే మిగిలినయి. పని హక్కుగ కాకుండ ప్రాజెక్టుగ వస్తే అట్లనే అయితది.

హరితహారంల మొక్కలు నాటుడు పోడు సాళ్ళల్లకు వచ్చినకాడ ఏమయిందో మనకు తెలుసు. 2019ల కాగజ్‌నగర్ మండలం సార్సాలల మొక్కలు నాటబోయిన అటవీ అధికారిణి మీద దాడి జరిగింది. 2022 నవంబర్ల చండ్రుగొండ మండలంల ఒక రేంజి అధికారి ప్రాణమే పోయింది. కొట్టుడు తప్పు, చంపుడు మహా తప్పు, ఆ మాట మనం గట్టిగ అనాలె. ఉద్యోగం చేయబోయిన మనిషి ఇంట్ల కూడ పిల్లలున్నరు. అయితే కిందిస్థాయి ఉద్యోగిని, పోడు రైతును ఎదురెదురుగ నిలవెట్టి పైనున్నోళ్ళు చేతులు దులుపుకునే పద్ధతి మారకుంటె నెత్తురు ఆగది.

దారి చట్టంలనే ఉన్నది. 2006 అటవీ హక్కుల చట్టం ఊరి ఉమ్మడి అడవిని కాపాడే, పెంచే హక్కు ఊరికే ఇచ్చింది. 2023 జూన్ల మన రాష్ట్రంల పోడు పట్టాలు పంచిన్రు, అవి సాగు భూములకు. ఉమ్మడి అడవి మీద హక్కుపత్రం కూడ కావాలె. ప్రాణహిత అవతల గడ్చిరోలి జిల్లా మెండాలేఖ ఊరు 2009లనే ఆ హక్కు తెచ్చుకున్నది, 2011ల తన వెదురు తానే అమ్ముకున్నది. తునికి, ఇప్ప, వెదురు పైస ఊరికి వచ్చినప్పుడు అడవి కాలితే ఎవరి జేబు కాలుతదో ఊరికి తెలుస్తది. అప్పుడు కావలి ఒక్క వాచర్ కాయడు, ఊరంత కాస్తది.

మన డిమాండ్లు

1. ప్రతి అడవి అంచు గ్రామంల నేల బాగుచేసే, అగ్గి ఆపే పనులకు పన్నెండు నెలల పట్టిక గ్రామసభ తయారుచేయాలె. ఆ పట్టికనే సర్కారు ఆమోదించాలె.

2. ఆ పనులకు ఆ ఊరోళ్ళనే, ఆడ మగ సమానంగ, దినకూలి మీద పెట్టుకోవాలె. ఫైర్ వాచర్లను ఏడాది పొడుగున కొనసాగించాలె.

3. మంట ముందుకు పోయే ప్రతి మనిషికి బూట్లు, నీళ్ళు, శిక్షణ, బీమా ఉండాలె. ప్రమాదం జరిగితే దినకూలీకి కూడ పర్మినెంట్ ఉద్యోగికిచ్చే పరిహారమే ఇయ్యాలె.

4. తునికి ప్రూనింగ్ టైముకు అయిపోవాలె. ఇప్పపువ్వు ఏరే కుటుంబాలకు వలలు ఇయ్యాలె.

5. కంపా లెక్కలు ఊరూరికి చెప్పాలె. గ్రామసభ ఒప్పుకోనిది పోడు భూమిల ఒక్క మొక్క కూడ పెట్టొద్దు.

అక్కలారా, అన్నలారా! ఈ సభ అయిపోయి ఇంటికి పోయినంక ఒక పని చేయండ్రి. మీ ఊరి గుట్టల ఏ మూల ఏటా అంటుకుంటదో, మంట ఎటు నుంచి ఎటు పాకుతదో, ఏడ బాట తీస్తే ఆగుతదో పెద్దోళ్ళను అడిగి ఒక కాయితం మీద గీయండ్రి. ఎన్ని దినాల పని, ఎంతమంది మనుషులు అని పక్కన రాయండ్రి. వచ్చే గ్రామసభల ఆ కాయితం బల్ల మీద పెట్టి, తీర్మానం రాయించి, సంతకాలు చేసి రసీదు తీసుకోండ్రి. ఎండలు ముదరకముందే ఆ పని కావాలె. గుట్ట అంటుకున్నంక దరఖాస్తు పెడితే చదివేటోడు ఉండడు.

సెలవు.